చవకకు కారణం

తెర మీద పంతొమ్మిది ఇళ్లు వరసగా వెలిగాయి. నీళ్లు, పచ్చ. ఆసుపత్రి, పచ్చ. వరద ముప్పు లేదు. బస్సు గంటకొకటి. ధర మాత్రం పక్క వీధిలో ఉన్నదానిలో సగం. చివరి గడి ఒక్కటి ఎర్రగా ఉంది. పంతొమ్మిది ఇళ్లకీ అందులో ఒకటే మాట: "చవకకు కారణం: తెలియదు."

డాక్టర్ యశోధర వెతుకులాటని అక్కడే ఆపేసింది.

"ఆపేశారేం మేడం? దొరికాయి కదా," అంది పక్కన స్టూలు మీద కూర్చున్న పైడిరత్నం.

"ఈ యంత్రం తెలియదు అనడం ఆరేళ్లలో ఇదే మొదటిసారండీ."

"మా ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లు ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా అనలేదు ఆ మాట. మీ మెషీనే నయం."

యశోధర నవ్వలేదు. ఆమె చేతిలో పెన్ను మూత అదే పనిగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది.

ఆ భయం అర్థం కావాలంటే ఆనాటి విశాఖ సంగతి కొంత తెలియాలి. సముద్రం బీచ్ రోడ్డు దాటి మూడు వీధులు లోపలికి వచ్చేసింది. దాంతో మెట్ట మీద ఒక గది కొనాలన్నా రెండు తరాల జీతం చాలడం లేదు. జనం చిన్న ఊళ్ల మీద పడ్డారు. చిన్న ఊళ్లో చవక ఇల్లు దొరకడం కష్టం కాదు. అది ఎందుకు చవకో కొన్న తర్వాత తెలియడమే కష్టం. ఒకచోట బోరులో ఉప్పునీళ్లు. ఇంకోచోట ఆ స్థలం మీద ముగ్గురు అన్నదమ్ముల దావా. వేరొకచోట ఏడాదికి మూడు నెలలు కాలవ గుమ్మంలోకి వస్తుంది, అమ్మేవాడు మాత్రం మిగతా తొమ్మిది నెలల్లోనే ఇల్లు చూపిస్తాడు.

యశోధర తయారుచేసిన యంత్రం పేరు నివాసిని. ప్రతి చిన్న ఊళ్లోనూ ఇంటర్నెట్ కోసం భూమిలో వేసిన ఫైబర్ తీగలు ఉంటాయి. ఆ గాజు తీగలోకి కాంతిని పంపితే అందులో కొంత వెనక్కి తిరిగి వస్తుంది. పైన ఎవరైనా నడిచినా, మోటారు తిరిగినా నేల అదురుతుంది, ఆ అదురు పడిన చోటి నుంచి వచ్చే కాంతిలో వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. బోరులో నీళ్లున్న మోటారు ఒకలా అదురుతుంది, ఎండిపోయింది ఇంకోలా. మగవాడి అడుగు వేరు, ఆడదాని అడుగు వేరు, మూసి ఉన్న ఇంటి నిశ్శబ్దం వేరు. వీటికి రిజిస్ట్రేషన్ లెక్కలు కలిపి నివాసిని ఊరూరూ వెతుకుతుంది. ఇల్లు చవకగా ఉంటే అది ఎందుకు చవకో ఒక్క వాక్యంలో చెప్పి తీరాలి. యశోధర దాన్ని తయారుచేసిందే ఆ ఒక్క వాక్యం కోసం.

"అంటే మన అడుగులు కూడా వింటుందన్నమాట," అంది పైడిరత్నం మొదటిరోజు ఇదంతా విని. "మా హాస్టల్ వార్డెనమ్మ లాంటిదే."

"ఎవరి అడుగో దీనికి తెలియదు. పేరు అడగదు. ఇల్లు వెతికిపెట్టమనే దరఖాస్తులో భర్త పేరు, తండ్రి పేరు అన్న గళ్లు నేనే కొట్టేయించాను. ఇల్లు కొనుక్కునే మనిషిని ఎవరి పెళ్లామని అడగడం ఏమిటి?" అంది యశోధర. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కొంచెం గర్వం ఉంది. ఆ గర్వాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

పైడిరత్నానికి యాభై నాలుగేళ్లు. ముప్ఫై ఒక్క ఏళ్లు నర్సుగా చేసింది. పెళ్లి చేసుకోలేదు. ఆమె ఉంటున్న ఉద్యోగినుల హాస్టల్‌ని ఇరవై మూడు రోజుల్లో పడగొడతారు. ఒంటరి ఆడదానికి అద్దెకిచ్చే ఇళ్లవాళ్లు ముందు "అయ్యో పాపం" అని, తర్వాత "మా కోడలు ఒప్పుకోదమ్మా" అంటారు. ఇరవై ఏళ్ల కిందట ఆమె జీతంతో కొన్న స్థలం తమ్ముడు త్రినాథ్ పేరు మీద రిజిస్టరయింది. ఆడపిల్ల పేరు మీద ఎందుకని తండ్రి అన్నాడు, సంతకం పెట్టవే అన్నాడు, ఆమె సాక్షి సంతకం పెట్టింది. తన స్థలానికి తనే సాక్షి! ఇప్పుడు ఆ స్థలంలో త్రినాథ్‌కి మూడంతస్తుల ఇల్లుంది. ఆ ఇంట్లో అక్కకి పండగపూట భోజనం ఉంటుంది.

ఈసారి తన పేరు మీద, తను ఒక్కతే. ఇరవై మూడు రోజుల్లో. పైడిరత్నానికి కావలసింది అదొక్కటే.

"విషవాయువేమో," అంది యశోధర. "నేల కుంగుతోందేమో. ఏదీ కానిదానికి ఇంత తగ్గుదల ఉండదు."

"ఆ వీధులు ఒకసారి పెద్దవి చేసి చూపించండి."

ఊరి పేరు నూకలగెడ్డ. ఒకప్పుడు జనపనార మిల్లు ఉన్న ఊరు. మిల్లు కాలనీని ఎవడో దొర దువ్వెనలా వేయించాడు. దువ్వెన పళ్లలా పంతొమ్మిది వీధులు పడమటి నుంచి వస్తాయి, పళ్ల మొదట్లో అడ్డంగా ఒక వరస ఇళ్లు. ఒక్కో వీధి తిన్నగా వచ్చి ఒక్కో ఇంటి మూలకి తగులుతోంది.

పైడిరత్నం వేలు ఆ మూల మీద ఆగింది. "నైరుతి," అంది. "వీధిపోటు మేడం. పడమర నుంచి వచ్చి నైరుతిని పొడిస్తే ఇంటి యజమాని ఉండడంటారు. మగాడి గండం."

యశోధర నోరు తెరిచింది. "వాస్తు!"

"దక్షిణం నుంచి వచ్చి పొడిస్తే ఇల్లాలు పోతుందంటారు. మా ఇంటికి ఆ పోటే. ఊరందరికీ తెలుసు. మా అమ్మ ఆ ఇంట్లోనే నలభై రెండో ఏట ఒంట్లో రక్తం లేక పోయింది. మా నాన్న ఒక్క ఇటుక కూడా కదపలేదు. మరుసటేడు ఆయనకి ఛాతీలో నొప్పొచ్చింది. గ్యాసు నొప్పి. వెంటనే సిద్ధాంతిని పిలిపించి, తనకి కీడని పడమటి గేటు మూయించేశాడు."

యశోధర యంత్రంలో వీధిపోటుకి కొత్త గడి చేర్చింది. రాష్ట్రమంతటా అమ్మకాలని ఆ గడితో మళ్లీ లెక్క కట్టించింది. నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది. మగవాడికి కీడనే ఇంటికి ధరలో నలభై ఆరు శాతం తరుగు. ఆడదానికి కీడనే ఇంటికి రెండు శాతం.

ఇద్దరూ ఆ రెండు శాతాన్ని చాలాసేపు చూశారు.

"ఆ రెండైనా ఎవరు తగ్గించారో, పాపం పుణ్యాత్ములు," అంది పైడిరత్నం.

* * *

నూకలగెడ్డలో ఇళ్లు చూపించే మరిడయ్య బస్టాండు దగ్గర టీ కొట్టు బల్ల మీదే ఆఫీసు పెట్టుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్లని చూసి వాళ్ల వెనక్కి చూశాడు.

"మగోళ్లు రానేదేటమ్మా?"

"లేరు," అంది పైడిరత్నం.

"అంటే ఊళ్లో నేరా, అసల్నేరా?"

"అసలే లేరు."

మరిడయ్య మొహం విప్పారింది. "మరి ముందే సెప్పరేటి! మీకయితే భేషుగ్గా సరిపోద్ది. రండి, రండి."

ఇల్లు చిన్నది. రెండు గదులు, వంటిల్లు, పెరట్లో బావి, బావి పక్కన కరివేపాకు చెట్టు. తలుపు తీయగానే అయిదేళ్ల దుమ్ము లేచింది. గడప బయటే నిలబడ్డాడు మరిడయ్య. కాలు లోపల పెట్టలేదు.

"మీరూ నమ్ముతారా?" అడిగింది యశోధర.

"నానా? మిల్లు మూసేసినప్పుడు ఈ వరసలో ముగ్గురు మగోళ్లు గుండాగి పోయారమ్మా. సిద్ధాంతిగారొచ్చి వీధిపోటన్నారు. జీతాల్రాక బెంగతో పోయారని నాననుకున్నాను. నా మాటెవులింటారు?"

"అయితే లోపలికి రండి మరి."

మరిడయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు. "నాకు పిల్లలున్నారమ్మా," అన్నాడు.

పద్దెనిమిదో రోజున రిజిస్ట్రేషన్ అయింది. కాగితం మీద కొనుగోలుదారు: పైడిరత్నం. వేరే పేరు లేదు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం మెట్లు దిగుతూ ఆమె ఆ పేరుని మూడుసార్లు చదువుకుంది. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది.

"నాకొక మాట చెప్పకుండానా అప్పా?" అన్నాడు త్రినాథ్. వాళ్ల వైపు అక్కని అప్పా అనే పిలుస్తారు. "పోనీలే. నీదయితే నాది కాదా ఏమిటి?"

ఆ ఆఖరి మాట పైడిరత్నానికి నిద్రలో కూడా వినపడేది.

హాస్టల్లో మిగిలినవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు. బస్సు కండక్టర్‌గా చేసి రిటైరయిన ఎర్నమ్మ వచ్చింది. ఆమె మొగుడు బతికే ఉన్నాడు, ఆమె పారిపోయి వచ్చింది అతని నుంచే. ఇద్దరు టీచర్లు కలిసి ఒక ఇల్లు కొన్నారు. తర్వాత ఒక బ్లౌజులు కుట్టే ఆవిడ, కూతురితో. రెండేళ్లు తిరిగేసరికి పంతొమ్మిది ఇళ్లలోనూ దీపాలు వెలిగాయి. ఏ ఇంట్లోనూ మగవాడు లేడు. వీధి చివర చాయ్ తాగే కుర్రకారు కూడా ఆ వరస వైపు కన్నెత్తి చూసేవాళ్లు కారు. చూస్తే ఆయుష్షు తగ్గుతుందట.

* * *

మూడో ఏడు వేసవిలో యశోధర నుంచి ఫోన్ వచ్చింది.

"పైడిరత్నం గారూ, ఘోరం జరిగింది."

నివాసినికి రెండేళ్లకొకసారి పాతా కొత్తా లెక్కలన్నీ కలిపి మళ్లీ మొదటి నుంచి నేర్పిస్తారు. అలా నేర్చుకోవడం పూర్తయ్యాక నూకలగెడ్డ వరసలో, ఒక నమ్మకాన్ని కారణమని రాయడం ఇష్టంలేక యశోధర ఎర్రగానే వదిలేసిన గడి పచ్చబడింది. కారణం దొరికింది. "ఈ ఇళ్లలో పురుషులు బతకరు. నిశ్చయం: 99.1 శాతం."

యంత్రం తప్పు చేయలేదు. ఒకప్పుడు ఆ ఇళ్లలో మగ అడుగులు వినిపించాయి. వీధిపోటు ఉంది. ఇప్పుడు పంతొమ్మిది ఇళ్లలోనూ మనుషులున్నారు, మగ అడుగు ఒక్కటి లేదు. వాళ్లు మగవాళ్లు లేకుండానే వచ్చారని దానికి ఎవరూ చెప్పలేదు. దరఖాస్తులో ఆ గళ్లు కొట్టేయించింది ఎవరో పాఠకులకి గుర్తుండే ఉంటుంది.

అడగకూడని ప్రశ్న అడగనందుకు యశోధర యంత్రం మూఢనమ్మకానికి సర్టిఫికెట్ ఇచ్చింది. నివాసిని జవాబులు అందరూ చూడొచ్చు కాబట్టి సిద్ధాంతులు చూశారు. ఒక టీవీ ఛానెల్ ఆ అంకెని నాలుగు రోజులు తిప్పి తిప్పి చూపించింది. సైన్స్ ఒప్పుకుందని ఊరూరా ఫ్లెక్సీలు కట్టారు.

"సవరణ తయారుచేశాను," అంది యశోధర. "మీరంతా ఒంటరిగానే వచ్చారని ఒక్క వాక్యం చేరిస్తే చాలు, అంకె కూలిపోతుంది. శుక్రవారం సాయంత్రం అయిదుకి పంపిస్తాను."

పైడిరత్నం బావి గట్టు మీద కూర్చుంది. "పంపితే ఇక్కడ ఏమవుతుందో ఆలోచించారా? ఎర్నమ్మ మొగుడు రెండుసార్లు వీధి మొగదాకా వచ్చి వెనక్కి పోయాడు. వాడు పోలీసులకి భయపడలేదు, కోర్టుకి భయపడలేదు. ఈ మూలకి భయపడ్డాడు."

"నేను సైంటిస్టునండీ. అబద్ధం మీద ఇల్లు నిలబెట్టుకుంటారా?"

"ఇల్లు నేను కట్టలేదు మేడం, కొన్నాను. అబద్ధం అందులో ముందే ఉంది. తలుపులూ కిటికీలతో పాటు వచ్చింది."

"శుక్రవారం అయిదుకి," అంది యశోధర. ఆ గొంతులో నిశ్చయం తొంభై తొమ్మిది శాతం లేదు.

* * *

శుక్రవారం మూడున్నరకి గేటు చప్పుడయింది. త్రినాథ్! ముందుగా ఫోన్ చేయలేదు. బస్టాండు నుంచి ఎండలో నడిచి వచ్చాడు. ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు. కవర్లో స్టాంపు కాగితాలు.

"కాఫీ పెట్టు అప్పా. బాగానే ఉందే కొంప! బయట గదిలో నేనూ మీ మరదలూ ఉంటాం. విశాఖ ఇల్లు అద్దెకిచ్చేశాను."

పైడిరత్నం కాఫీ పెట్టింది. పొడి కొంత పొయ్యి మీద పడింది. డబ్బా మీద మూత రెండుసార్లు పెట్టి మళ్లీ తీసింది.

"ఇది గిఫ్ట్ డీడ్," అన్నాడు అతను కాగితాలు బల్ల మీద పరుస్తూ. "నీ తర్వాత ఎలాగూ నాదే కదా. ఇప్పుడే రాసేస్తే మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు. నీ మంచికే. ఒంటరి ఆడదాని పేరు మీద ఉంటే ఎవడైనా కబ్జా చేస్తాడు."

"చేస్తున్నాడు కదా," అనాలని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. యాభై ఏడేళ్లలో ఆమె అతనికి కాదని చెప్పింది లేదు. కాదనడం ఎలాగో ఆమె నోటికి తెలియదు. గోడ మీద గడియారం నాలుగు కొట్టింది. అయిదుకి సవరణ. ఆ తర్వాత ఇతనికి దేనికీ భయం ఉండదు.

పెన్ను మూత తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇక్కడ. ఇక్కడ. ఇదిగో, ఇక్కడ."

అప్పుడే పెరటి గోడ మీదుగా ఎర్నమ్మ తల కనిపించింది. టికెట్లు కొట్టి కొట్టి అలవాటైన గొంతు ఆమెది. వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"ఎవులు రత్నం, మీ తమ్ముడా? లోపలికే వచ్చేశాడేటి? ఏం బాబూ, టీవీ సూడనేదా?"

"ఏ టీవీ?"

"ఈ వరసలో మగోడు బతకడని మిషిను సెప్పింది కదా. నూటికి తొంభై తొమ్మిది. పెద్ద సైంటిస్టులే రాశారు. ఎంతసేపయింది నువ్వొచ్చి?"

త్రినాథ్ నవ్వాడు. నవ్వుతూనే ఫోన్ తీసి వెతికాడు. నవ్వు మెల్లగా జారిపోయింది. కుర్చీలోంచి లేచి, గది నైరుతి మూల ఎటో చూసి, ఆ మూల తన వెనకే ఉందని గ్రహించి, మళ్లీ కూర్చున్నాడు.

"అప్పా, గుండె అదోలా కొట్టుకుంటోంది."

ఆమె లేచి అతని మణికట్టు పట్టుకుంది. రెండో చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆమె ఏ రోగికీ తప్పు అంకె చెప్పలేదు. బస్టాండు నుంచి ఎండలో నడక, స్ట్రాంగ్ కాఫీ, పైన భయం. నాడి క్రమంగానే ఉంది, తడబాటు లేదు. చెమట ఉంది, చల్లగా లేదు. ఇతనికి ఏమీ కాదు. ఒక గ్లాసు నీళ్లు తాగి పావుగంట పడుకుంటే సర్దుకుంటుంది. ఆ మాట నర్సు చెబితే నమ్ముతాడు.

"ఎంత?" అన్నాడు.

"నూట ఇరవై ఎనిమిది."

"ఎందుకంత?"

పైడిరత్నం అతని చేయి నెమ్మదిగా వదిలింది. ఏమీ అనలేదు.

"ఎందుకంత అప్పా? చెప్పవే!"

ఆమె బల్ల మీద కాగితాల వైపు చూసింది. తర్వాత గేటు వైపు చూసింది. "నీళ్లు తాగు," అంది. గ్లాసు చేతికిచ్చింది. ఇవ్వాల్సిన వైద్యం ఇచ్చింది, చెప్పాల్సిన అంకె చెప్పింది. మిగతాది అతనే పూరించుకున్నాడు. గ్లాసు సగంలో పెట్టేసి సూట్‌కేసు పట్టుకుని వెళ్లిపోయాడు. ముందు నడిచాడు, గేటు దాటాక పరుగెత్తాడు.

కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. పెన్ను కూడా.

అయిదుకి పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది.

"ఇప్పుడే అంకె పెరిగింది," అంది యశోధర. "99.4. మీ ఇంట్లోకి ఒక మగ అడుగు వెళ్లింది, నలభై నిమిషాల్లో పరుగెత్తుకుంటూ బయటికి వచ్చింది. సవరణ పంపాలంటే దీనికి కారణం రాయాలి, లేకపోతే సవరణ ఆగిపోతుంది, అంకె అలాగే ఉంటుంది. ఏం జరిగింది?"

పైడిరత్నం స్టాంపు కాగితాలు మడిచి పొయ్యి పక్కన పెట్టింది. తన మణికట్టు తనే పట్టుకుని చూసుకుంది. నూట ముప్ఫై.

"తెలియదని రాయండి మేడం."

"మీకు తెలుసు."

"తెలుసు."

అవతల పెన్ను మూత తెరుచుకున్న చప్పుడు. మూసుకున్న చప్పుడు. మళ్లీ తెరుచుకున్న చప్పుడు. తర్వాత కీబోర్డు మీద వేళ్ల చప్పుడు, చాలా నెమ్మదిగా, ఒక్కో అక్షరం.

నివాసిని పుట్టాక ఆ గడిలో ఆ మాట పడడం ఇది రెండోసారి. ఈసారి రాసింది యంత్రం కాదు.